‘విదేశీ హస్తం’ అని నేను పెట్టిన హెడ్డింగ్

ఈమధ్య వనపర్తిలో మా ఇంటికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. పత్రికలో ఉద్యోగం వచ్చిందట, డెస్క్‌లో వేశారట, ఏమైనా చెప్పండి మేడం అన్నారు. టీ ఇచ్చి గంటసేపు మాట్లాడాను. జీతాల గురించి, సెలవుల గురించి, డెస్క్ కుర్చీల్లో కూర్చుని తెచ్చుకున్న నడుం నొప్పి గురించి అన్నీ చెప్పాను. వాళ్ళు వెళ్ళాక తలుపు వేసుకుంటుంటే తెలిసింది, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదని. ఇది వాళ్ళకోసం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికలో విదేశీ వార్తల పేజీ చూశాను. ఏ దేశమూ వెళ్ళలేదు. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. హైదరాబాద్‌లో కిటికీ లేని ఒక గదిలో కూర్చుని, ఏజెన్సీలు ఇంగ్లీషులో పంపే వార్తలను తెలుగు చేస్తూ, కనీసం పది ప్రభుత్వాలను కూల్చాను, ఇంకో పదింటిని నిలబెట్టాను. మా ఆఫీసులో ఆ పేజీని ఎవరూ లెక్కచేసేవారు కాదు. ప్రకటన వస్తే మొదట ఎగిరిపోయేది నా పేజీయే. అయినా నాకు ఆ పేజీ అంటే గర్వం. ఇప్పటికీ గర్వమే. దాచుకోను.

గుంపుకు పేరు పెట్టే పని

ఈ ఉద్యోగం అనువాదం అని అందరూ అనుకుంటారు. కాదు. రోడ్డు మీదికి వచ్చిన జనానికి పేరు పెట్టడమే అసలు ఉద్యోగం. ఒకే గుంపును ‘ప్రజలు’ అనవచ్చు, ‘ఆందోళనకారులు’ అనవచ్చు, ‘తిరుగుబాటుదారులు’ అనవచ్చు, ‘అల్లరి మూక’ అనవచ్చు. నువ్వు ఏది రాస్తే పొద్దున్నే గద్వాల బస్టాండులో పేపర్ చదివే మనిషి వాళ్ళను ఆ కంటితోనే చూస్తాడు. ఆయన దగ్గర వేరే కన్ను లేదు.

డెస్క్‌లో నా మొదటి బాస్ రామ్మోహన్ గారు. చిన్న మనిషి, పెద్ద గొంతు. నేను రాసిన కాగితం పట్టుకుని ప్రతి వాక్యం దగ్గరా ఆగి “ఎవరన్నారు?” అని అడిగేవారు. ‘ఈ అల్లర్ల వెనుక పొరుగు దేశం ఉంది’ అని రాస్తే, “ఎవరన్నారు? నువ్వన్నావా? నువ్వు అక్కడున్నావా?” అని కాగితం నా బల్ల మీద పడేసేవారు. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చి మళ్ళీ రాసేదాన్ని. ఆయనంటే ఆ రోజుల్లో ఒళ్ళు మండేది. ఆయన రిటైరైన రోజున మాత్రం ఆఫీసులో అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే.

ఆ ప్రశ్న విలువ నాకు తెలియాల్సిన రీతిలో అంతకుముందే తెలిసింది, కాని పట్టించుకోలేదు. డెస్క్‌కు రాకముందు నేను గద్వాలలో రెండేళ్ళు విలేకరిగా ఉన్నాను. మాది ఇటిక్యాల. ఒక ఎండాకాలం కాలువ నీళ్ళు రాక మా ఊరి రైతులు హైవే మీద బైఠాయించారు. ఒక అధికారి విలేకరులను పిలిచి, దీని వెనుక బయటి శక్తులున్నాయి, రైతులకు ఏం తెల్వదు అన్నాడు. నేను అదే రాశాను. అచ్చయింది. ఆ రోడ్డు మీద మొదటి వరుసలో కూర్చున్నది మా నాన్న. పేపర్ చదివి నన్ను పిలిచాడు.

“బిడ్డా, నేను బయటోన్నంట గద? మన చేను రోడ్డుకు ఆనుకొనే ఉండె. ఇంగ నేనే బయటోన్నయితే లోపటోడు ఎవడే?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండో వైపు తప్పు

ఇది చదివి, ‘విదేశీ హస్తం’ అని ఏ ప్రభుత్వం అన్నా అబద్ధమే అని మీరు తీర్మానం చేసుకోవద్దు. నేను అదీ చేశాను. ఒక దేశంలో కుర్రకారు రోడ్ల మీదికొచ్చి ఒక ముసలి అధ్యక్షుణ్ణి దింపేశారు. వాళ్ళ పాటలు, వాళ్ళ బొమ్మలు చూసి నేను మురిసిపోయాను. రోజూ పేజీకి సగం వాళ్ళే. ఏజెన్సీ వార్తలో చివర ఒక పేరా వచ్చేది, ఈ బృందాల నాయకులు కొందరు ఫలానా విదేశీ సంస్థ దగ్గర శిక్షణ పొందారని. స్థలం చాలదు అనే సాకుతో ఆ పేరా రోజూ కోసేసేదాన్ని. రెండేళ్ళ తర్వాత ఆ నాయకుల్లో ఒకడే ఒక ఇంటర్వ్యూలో, అవును, శిక్షణ తీసుకున్నాం, అయితే ఏమిటి అన్నాడు. అతనికి లేని సిగ్గు నాకెందుకు వచ్చిందో!

ఆ జనం కోపం నిజం. ఆ శిక్షణా నిజం. రెండూ ఒక పేజీలో పడతాయి. పాఠకుడు రెండూ మోయగలడు. మోయలేడని అనుకునేది మనమే.

తాళ్ళ ఫొటో

ఇక అసలు సంగతి. రిటైర్ కావడానికి మూడు నెలల ముందు జరిగింది. ఆ దేశం పేరు రాయను, మనవాళ్ళు ఇంకా చాలామంది అక్కడ పని చేసుకుంటున్నారు. అక్కడ జనం అధ్యక్షుణ్ణి దిగిపొమ్మని చౌరస్తాల్లో కూర్చున్నారు. వారం తిరిగేసరికి ప్రభుత్వ టీవీ రెండు ఫొటోలు చూపించింది. మొదటిది: ఒక ఎత్తైన అద్దాల భవనం, దాని మీద ‘దిగిపో’ అని రాసిన పెద్ద గుడ్డ, దాని పక్కన తాళ్ళతో వేలాడుతున్న మనిషి. రెండోది: నేల మీద కూర్చోబెట్టిన అదే మనిషి, మొహానికి గుడ్డ, నడుముకు తాడు ఇంకా అలాగే ఉంది. ఇతను విదేశీయుడు, ఈ ముడి సైనిక శిక్షణలో మాత్రమే నేర్పుతారు, ఉద్యమం వెనుక ఎవరున్నారో చూడండి అని ఆ టీవీ ఆరోపించింది.

ఏజెన్సీ వార్తలో ‘ఆరోపించింది’ అనే మాట ఉంది. నా హెడ్డింగ్‌లో పట్టలేదు. ‘తాళ్ళపై దిగిన విదేశీ హస్తం’ అని ఆరు కాలమ్‌లలో పెట్టాను. అంతటితో ఆగానా? ఇలాంటి దళాలకు తాళ్ళ మీద ఎలా శిక్షణ ఇస్తారో ఇంటర్నెట్‌లో వెతికి ఒక బాక్స్ కూడా రాశాను. రామ్మోహన్ గారు ఉంటే ఆ కాగితం నా మొహాన కొట్టేవారు. కాని అప్పటికి మా డెస్క్‌లో అందరికంటే పెద్దదాన్ని నేనే, నన్ను అడిగేవారు లేరు. పేజీ చాలా అందంగా వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసు టీవీలో ఆ దేశపు వార్తలు వస్తుంటే మావాళ్ళు చప్పట్లు కొట్టారు. చూస్తే తెర మీద నా పేజీ. ‘భారతదేశపు పత్రికలు కూడా అతని సైనిక శిక్షణ గురించి రాశాయి’ అని వాళ్ళ యాంకర్ చెబుతోంది. వాళ్ళు చెప్పింది నేను రాశాను, నేను రాసింది వాళ్ళు సాక్ష్యం చేసుకున్నారు. మావాడొకడు మిఠాయి తెప్పించండి మేడం అన్నాడు. నేనూ నవ్వాను.

గంట తిరగకముందే నాగర్‌కర్నూల్ నుంచి మా విలేకరి సలీం ఫోన్ చేశాడు.

“మేడం, ఒకాయన వచ్చిండు. చెంచు ఆయన, లింగాల అవతల అడవి పెంట నుంచి. మన పేపర్ చేతుల పట్టుకొని కూసున్నడు. గా తాళ్ళ మనిషి మా బావ అంటుండు.”

“మొహం కనిపించదు గదా సలీం, ఎట్ల గుర్తుపట్టిండంట?”

సలీం ఫోన్ ఆయనకిచ్చాడు. ఆ గొంతులో కోపం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

“మొహానికి గుడ్డ కట్టిండ్రమ్మా. ముడికి కట్టలె గద. అది మా ముడి.”

పెంటలో

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. విదేశీ పేజీ మనిషి ఒక వార్తకోసం ఆఫీసు దాటి వెళ్ళడం అదే మొదటిసారి. సలీం బండి మీద లింగాల దాటి, అడవి అంచున చెంచులు ఉండే చిన్న గూడేనికి చేరాం. అక్కడ దాన్ని పెంట అంటారు. ఫోన్లో మాట్లాడిన మనిషి పేరు గురువయ్య. తేనె అమ్మడానికి లింగాల వచ్చినప్పుడు దుకాణంలో పేపర్లో ఆ ఫొటో చూశాడు, దేశం పేరు దుకాణంవాడు చదివి చెప్పాడు. ఆయనకు చదువు రాదు. బావ పేరు లింగయ్య. మూడేళ్ళ కింద నాగర్‌కర్నూల్ ఏజెంటు ఒకడు, ఎత్తు మీద భయం లేనివాళ్ళు కావాలని వెతికి, అద్దాలు తుడిచే పనికి అతన్ని ఆ దేశం పంపాడు.

కొండచరియ మీద తేనెపట్టు తీసేటప్పుడు ఒకడు తాడు మీద దిగుతాడు, ఒకడు పైన తాడు పట్టుకుంటాడు. పట్టుకునేది ఎవరో కాదు, దిగేవాడి భార్య తమ్ముడో అన్నో.

“వేరే ఎవ్వల్ని పట్టనియ్యం. మా అక్క పసుపుకుంకుమ నా చేతుల ఉంటయి. నేను ఇడుస్తనా?” అన్నాడు గురువయ్య.

ముడి వేసి చూపించమన్నాను. ఎవరికి వేయాలి? నేను సలీం వైపు చూశాను. నడుం చుట్టూ రెండు చుట్లు, తొడ కింద ఒక ఉచ్చు, రొమ్ము దగ్గర మూడు మెలికలు, కొస ఎడమ భుజం మీదుగా వెనక్కి. ఒక్కొక్క మెలిక దగ్గరా ఆపి నేను ఫోన్‌తో ఫొటో తీశాను. గురువయ్య గట్టిగా లాగేసరికి సలీం కేక వేశాడు.

“అన్నా, జర మెల్లగ! నా బామ్మర్ది ఈడ లేడు, దుబాయ్‌ల ఉన్నడు!”

పెంట అంతా నవ్వింది. ఒక్క ఈదమ్మ తప్ప. ఈదమ్మ లింగయ్య భార్య. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తోంది. టీవీలో చూపించిన ఫొటో, నేను తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి చూశాను. మెలికకు మెలిక సరిపోయింది. సైనిక శిక్షణ అని నేను బాక్స్ కట్టి రాసింది ఈ ఆకుల పాకల మధ్య తాతల నుంచి వేస్తున్న ముడి.

“ఆ పొద్దు ఆయన నీకు ఫోన్ చేసిండా ఈదమ్మా?” అని అడిగాను.

ఆమె లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది. అందులో లింగయ్య తన గొంతుతో పంపిన మెసేజ్ ఉంది, అరెస్టయిన రోజు పొద్దున్నే. “ఈదీ, ఇయ్యాల పని జల్దీ అయితది. మేడ మీద పోరలెవరో గుడ్డ కట్టిండ్రంట, అది ఊడదీసి రమ్మన్నడు సారు. అద్దాలు రేపు.”

అతను గుడ్డ కట్టడానికి ఎక్కలేదు. తీయడానికి దిగాడు.

“ఇది ఎవరికీ వినిపించలేదా అమ్మా?”

“ఎవరన్న అడిగిండ్రా? ఏజెంటు కాడికి పోతే, పేపర్ల గట్ల రాసినంక నేనేం జేస్త అన్నడు. రాసింది నువ్వేనంట గద. సలీం సారు చెప్పిండు.”

అవును నేనే అన్నాను.

“ఆయనకు ఉరి ఏస్తరంట, నిజమేనా?”

తెల్వదు అన్నాను. ఆ ఒక్క మాటే ఆ వారంలో నేను నిజాయితీగా చెప్పింది.

నా పేరు

మా న్యూస్ ఎడిటర్ ప్రభాకర్ మంచివాడు, భయస్తుడు. లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేద్దాం అన్నాడు.

“తప్పు ఆరు కాలమ్‌లలో చేసి ఒప్పుకోలు రెండు లైన్లలోనా?” అన్నాను.

“పత్రిక పరువు ఏం కావాలి సుగుణ గారూ?”

“అక్కడ ఒక మనిషి మెడ మీదికి వచ్చింది. మనకు పరువు దగ్గరే ఆగింది.”

గంటసేపు వాదించుకున్నాం. నేను గొంతు పెంచాను, టేబుల్ మీద చరిచాను, రాజీనామా అన్నాను. చివరికి ఆయన, సరే, కాని పత్రిక తరఫున కాదు, మీ పేరు పెట్టి రాయండి, బాధ్యత మీదే అన్నాడు. శిక్ష అనుకుని అన్నాడు పాపం. డెస్క్‌లో పనిచేసేవాళ్ళ పేరు అచ్చు కాదు. ముప్పై ఏళ్ళలో నా పేరు పేపర్లో రావడం అదే మొదలు. అదే పేజీ, అదే చోటు, అవే ఆరు కాలమ్‌లు. ‘నేను రాసింది తప్పు’ అని హెడ్డింగ్. కింద ఆ ముడి ఫొటోలు వరుసగా, సలీం బిక్కమొహంతో సహా. ఆ పేజీని నేను ఫ్రేము కట్టించుకున్నాను. మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళంతా అవార్డు అనుకుంటారు.

ఉద్యోగమంతా ఇంగ్లీషును తెలుగు చేసినదాన్ని, ఆ రోజు కూర్చుని నా తెలుగును ఇంగ్లీషు చేశాను. ఏజెన్సీకి పంపాను, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపాను, లింగయ్య మెసేజ్‌తో సహా. ఏజెన్సీ వార్త ఇచ్చింది. రాయబార కార్యాలయంవాళ్ళు ఆ పేజీ పట్టుకుని జైలుకు వెళ్ళారు. మూడు వారాలకు లింగయ్యను విమానం ఎక్కించి పంపేశారు. ఆ టీవీ మాత్రం తప్పయిందని ఈరోజుకూ అనలేదు.

లింగయ్య అడిగింది

లింగయ్య వచ్చాడని తెలిసి మళ్ళీ పెంటకు వెళ్ళాను. బక్కచిక్కి ఉన్నాడు. కాళ్ళమీద పడాలన్నంత సిగ్గుతో వెళ్ళాను, చేతులు పట్టుకుని తప్పయింది అన్నాను. అతను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వేరే సంగతి అడిగాడు.

“మేడం, ఆ గుడ్డ కట్టిన పోరలు ఏమైండ్రు? పేపర్ల రాసిండ్రా?”

రాయలేదు అన్నాను. నిజానికి వాళ్ళున్నారనే ఆలోచనే నాకు రాలేదు. గుడ్డ కట్టింది లింగయ్య కాదని నిరూపించాక నా కథ అయిపోయింది. కట్టింది ఎవరో నేను అడగలేదు.

“నా పక్క గదిల్నే ఏసిండ్రు. ఇతడు మావోడు కాదు, మేమే కట్టినం, మాకెవ్వరూ చెప్పలె అని మొదటి రోజే పోలీసులకు చెప్పిండ్రు. ఆ ఊరి పిల్లలే మేడం. ఆడ పుట్టినోళ్ళే. గా మాట చెప్పినందుకు మల్లా కొట్టిండ్రు.”

హైదరాబాద్ వచ్చి ఏజెన్సీ వార్తలన్నీ తిరగేశాను. ఎక్కడో ఒక మూల, ఆ భవనం కేసులో ముగ్గురు విద్యార్థులు నిర్బంధంలో ఉన్నారని పేర్లతో ఒక చిన్న వార్త ఉంది. దాన్ని పేజీ మధ్యలో పెట్టాను. ‘గుడ్డ కట్టింది ఆ ఊరి పిల్లలే’ అని హెడ్డింగ్, ‘జైల్లో విన్న ఒకాయన చెప్పినట్టు’ అని పేరు లేకుండా దాని పైనే. పొద్దున్నే పెంటకు ఫోన్ చేసి ఆ వార్త చదివి వినిపించాను. లింగయ్య ఆ పేర్లు ఇంకోసారి చదవమన్నాడు.

“ముగ్గురు కాదు మేడం. నలుగురు.”

నాలుగో మనిషి ఆడపిల్లట. ఆమెను పట్టుకోనే లేదని ప్రభుత్వం అంటోందని నేను తర్వాత తెలుసుకున్నాను. లింగయ్య మొహం చూడలేదు, గొంతు విన్నాడు. రోజూ పొద్దున పిల్లలు తాము బతికే ఉన్నామని ఒకరికొకరు తెలియడానికి గట్టిగా పేర్లు చెప్పుకునేవారట. ఆమె పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అతనికి కంఠతా ఉన్నాయి.

“లింగయ్యా, నువ్వు చెప్పినట్టు రాస్తే ఆ కంపెనీలే కాదు, ఏ దేశమోళ్ళు నిన్ను మల్ల పనికి పిలువరు. ఆలోచించుకో” అన్నాను.

పక్కన ఈదమ్మను అడిగినట్టుంది. ఆమె ఏదో అంది.

“రాయుమంటుంది. పేపర్ల పడ్డ మనిషిని లేదనుడు కష్టం గద మేడం. నన్ను చూసినవ్ గద. నా పేరు పెట్టే రాయి.”

రాశాను. ఏజెన్సీకీ పంపాను. పన్నెండో రోజున ఆ ప్రభుత్వం, ఆ అమ్మాయి తమ నిర్బంధంలోనే ఉందని ఒక్క వాక్యంలో ఒప్పుకుంది. ఆమె తల్లి జైలు గేటు దగ్గర కూతుర్ని చూస్తున్న ఫొటో వచ్చింది. నా ఉద్యోగంలో నేను పెట్టిన చివరి పేజీ అదే. ఆ ఫొటో కింద, ఆమె అక్కడ ఉందని మొదట చెప్పినవారు: లింగయ్య, అద్దాలు తుడిచే కార్మికుడు, లింగాల మండలం, అని రాసి దీపం ఆర్పి ఇంటికి వచ్చాను.